గోందు కలిపిన సున్నం

ఇంతకుముందు ఎడమకు తిరిగిన గల్లీ ఇప్పుడు కుడికి తిరుగుతోంది, నేను ఫోను చేతిలో పట్టుకుని గబగబా నడుస్తున్నాను, ముందు నా బామ్మర్ది పెంటయ్య నడుస్తున్నాడు. అతను పోయి రెండేళ్లయింది. ఒంటి మీద ఆసుపత్రి చొక్కా, చెవి వెనక కుంచె. కాళ్లకు చెప్పులు లేవు, అయినా నాకు అందడం లేదు.

గోడల నిండా బొమ్మలే. గొడుగు పట్టిన చేప, తలుపంత కన్ను, నీలం బర్రె. బర్రె దగ్గర ఆగి ఫోటో తీస్తాను. బర్రె పడదు, ఫోను నిండా తెలుపు పడుతుంది. మళ్లీ తీస్తాను. మళ్లీ తెలుపే.

"బర్రెతోటి నీకేం పని బావా? పాలు పిండుతవా?" అంటాడు వెనక్కి తిరగకుండానే.

"రంగు మంచిగుంది."

"నేనేసిన బొమ్మను ఒక్కనాడన్న గిట్ల మెచ్చుకున్నవా? నడువు, అక్క కాడికి."

అక్క అంటే నా భార్య ఈరమ్మ. బతికినన్నాళ్లూ ఒక్క ఫోటో దిగలేదు, కెమెరా కనబడితే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె పోయాక పెంటయ్య తలుచుకుని తలుచుకుని, మిల్లు వెనక గల్లీ గోడ మీద ఆమె ముఖం వేశాడు. ఆ ముఖం లోకంలో ఉన్నది ఆ ఒక్కచోటే. ఆసుపత్రి మంచం మీద పన్నెండు రోజులూ అతను నన్ను అడిగింది ఒకటే, ఆ బొమ్మ ఫోటో తీసి పట్టుకురమ్మని. రేపు తెస్తానన్నాను. పన్నెండు రోజులూ రేపే అన్నాను.

నేను కావాలనే తప్పు మలుపులు తిరుగుతున్నాను, దాటేసిన చేప మళ్లీ ఎదురొస్తోంది, కన్ను రెప్ప వేసి తెరుస్తోంది, గల్లీ మాత్రం నా మాట వినకుండా ఇరుకవుతూ ఇరుకవుతూ రెండు భుజాలకూ రాసుకునేంతగా అయి, చివరికి మిల్లు వెనక గోడను తెచ్చి నా ముందు నిలబెడుతుంది. తెల్లటి గోడ.

"తియ్యి."

"ఏమున్నదని తియ్యాలె?"

"ఏమైందో నువ్వే చెప్పు."

చెబుతాను. అతను ఆసుపత్రిలో చేరకముందే ఆ గల్లీకి సున్నం కొట్టే పని నాకే వచ్చిందని, నేను కాదంటే ఇంకొకడు కొట్టేవాడని, గోందు కలిపితేనే సున్నం గోడను పట్టుకుంటుంది కనుక కలపకుండా కొడితే మొదటి వానకే కారిపోయి ఈరమ్మ బయటికి వస్తుందనుకున్నానని, ఆమె చూస్తుంటే చుట్టూ కొట్టలేక ముందు ముఖం మీదే కొట్టానని, ఆ తర్వాత డబ్బాలోకి చూస్తే గోందు కలిపి ఉందని.

"ఎవరు గలిపిన్రు?"

"నేనే. ఎప్పుడు గల్పిన్నో తెల్వదు. చెయ్యి గల్పింది పెంటయ్యా."

"తడి మీదనే కడగకపోయినవా?"

"మేస్త్రీ ఎదురుంగ నిలవడ్డడు."

"భయపడ్డవా?"

"పడ్డ."

రెండు వానాకాలాలు పోయాయి. గోడ అలాగే ఉంది.

తిడతాడనుకుంటాను. నవ్వుతాడు, ఆ నవ్వు దగ్గులోకి పోతుంది, దగ్గు ఎక్కడో మిల్లు లోపల వినబడుతుంది.

"నలభై ఏండ్లు చేసినవ్ బావా ఈ పని. ఒక్కనాడన్న ఖరాబు చేసుడు రాలేదా నీకు?"

ఫోను ఎత్తుతాను.

"అది జేబుల వెట్టు. గోర్లు లేవా నీకు?"

గీకడం మొదలుపెడతాను. అతనూ పక్కన నిలబడి గీకుతున్నాడు, సున్నం మా మోచేతుల దాకా కారుతోంది, ఎక్కడా ఆమె లేదు, నొసలు లేదు, బొట్టు లేదు, గోడ పైకి పెరుగుతోందో నేనే కుంగుతున్నానో తెలియదు, చెయ్యి మాత్రం ఆగడం లేదు.

"ఇంకా కిందికి బావా," అంటాడు మెల్లగా. "అక్క పొట్టిది గదా. మరిచినవా?"

నేను వంగుతాను.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. నా కుడిచెయ్యి మంచం పక్క గోడకు ఆని ఉంది. బొటనవేలి గోటి కింద సున్నం. గోడ మీద గోరంత మేర పొర లేచింది, లోపల ఈరమ్మ అడిగి వేయించుకున్న పాత ఆకుపచ్చ రంగు కనబడుతోంది. దాని మీద సున్నం కొట్టింది నేనే. గోందు కలిపే కొట్టాను. అయినా లేచింది.