పడవకు పాటల పెట్టె

పొద్దున ఆరింటికల్లా కృష్ణానగర్ సందులో ఇడ్లీ బండి పక్కన కరుణాకుమారి పడవ సిద్ధంగా ఉంటుంది. ఏదో సినిమాలో జాలరిపేట సెట్టు కోసం చేయించి, షూటింగ్ అయ్యాక పారేసిన చిన్న పడవ అది. ఆమె ఎక్కి గొంతెత్తగానే నేలకు జానెడు పైకి లేస్తుంది. పాడినంతసేపూ సాగుతుంది. జూనియర్ ఆర్టిస్టులు ఆరుగురు ఆడవాళ్లు అందులోనే ఫిల్మ్‌నగర్ వెళతారు. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ ఎడమ పక్కన పొమ్మని చెయ్యి ఊపుతాడు, అంతే.

పడవకు ముందు వాళ్లు ఏజెంటు వ్యానులో వెళ్లేవాళ్లు. ముందు సీట్లో ఎవరు కూర్చోవాలో అతనే చెప్పేవాడు. అతని చెయ్యి గేరు మీద ఉన్నది తక్కువ. విదిలించుకున్న పిల్లకు మర్నాడు పని ఉండేది కాదు. పడవ వచ్చాక అందరిలోకీ పెద్దదైన దేవమ్మ నేరుగా ప్రొడక్షన్ మేనేజర్లతోనే మాట్లాడి పని తెస్తోంది.

ఇప్పుడు కరుణాకుమారి గొంతు పోయింది. పద్నాలుగేళ్లుగా ఆమె ట్రాక్ పాడుతోంది. పేరున్న గాయనికి తీరిక దొరికేదాకా పాటను మోసే పని అది. ఆ గాయని వచ్చి పాడగానే ట్రాక్ చెరిపేస్తారు. నెల రోజులు గుసగుస కూడా వద్దన్నాడు డాక్టరు. పడవ రెండు రోజులుగా నేల మీదే ఉంది. సందు మొదట్లో వ్యాను హారన్ కొడుతోంది.

పాటేగా కావాల్సింది, పెట్టె పాడితే లేవదా అంది దేవమ్మ. ఆరుగురూ పడవను తోపుడు బండి మీదికెక్కించి, యూసుఫ్‌గూడలో కార్లకు స్టీరియోలు బిగించే వెంకటేశ్వరరావు దుకాణం ముందు దించారు.

ఆయన పడవను చూసి ఏమీ అనలేదు. ఆడవాళ్లను చూసి మాత్రం, "మీవారిని ఎవరినైనా పంపండమ్మా, వైరింగ్ సంగతులు మీకు తెలియవు" అన్నాడు.

"తెలిసినోళ్లు వ్యాను నడుపుతుండ్రు" అంది దేవమ్మ. "నువ్వు పెట్టె చూపియ్యి."

పడవల కోసమే చేసిన స్టీరియో సెట్టు తీశాడు. ఉప్పునీళ్లలో పడ్డా చెడదట. మా పడవ నీళ్ల మొహమే చూడలేదు, వానకు తడవకపోతే చాలంది దేవమ్మ. అయినా కారు బ్యాటరీకి తగిలించి, ఊరంతా వింటున్న కొత్త పాట పెట్టాడు. పడవ కదల్లేదు. పెద్ద డబ్బా స్పీకర్లు పెడితే ఎదురింటి కిటికీలు వణికాయి. పడవ వణకనైనా లేదు.

"గీ పాటకే మొన్న లేచింది గదనే, నువ్వు పాడితే" అంది దేవమ్మ విసుగ్గా.

‘నువ్వు పాడితే’ అన్న మాట దగ్గర కరుణాకుమారికి వెలిగింది. సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. ఇంట్లో సాధనకని తెచ్చుకున్న ట్రాకులు అందులో ఉన్నాయి. అవి బయట వినపడితే మళ్లీ పిలవనని సంగీత దర్శకుడు కమలాకర్ ముందే చెప్పాడు. ఆ పిలుపులతోనే ఆమె గది అద్దె కట్టేది. మూలన దుమ్ము కొట్టుకుపోయిన స్టీరియో వైపు వేలు చూపించింది. ఎవరో పాత ఆటోలోంచి పీకి అమ్మినది, కొట్లో అన్నిటికన్నా చవక. పెన్‌డ్రైవ్ పెట్టింది. కాస్త గరగర, ఆ వెనక ఆమె గొంతు.

పడవ లేచింది, అంచున మోచెయ్యి ఆనించుకుని నిలబడ్డ వెంకటేశ్వరరావుతో సహా. వాన పడకుండా స్టీరియో మీద కప్పుకోవడానికి ప్లాస్టిక్ డబ్బా మూత ఆయనే వెతికి ఇచ్చాడు.

మర్నాడు ఫిల్మ్‌నగర్‌లో కమలాకర్ స్టూడియో ముందుకు వచ్చేసరికి ఆయన రెండో అంతస్తు బాల్కనీలో కాఫీ తాగుతున్నాడు. తన పాట గుర్తుపట్టాడు. గొంతు కూడా గుర్తుపట్టాడు.

"కరుణా, అది ఆపు. ఆపకపోతే రేపట్నుంచి నీకు పిలుపుండదు."

ఆమె మాట్లాడకూడదు కదా. స్టీరియో సౌండు బుడిపె పట్టుకుని చివరిదాకా తిప్పింది. ఇన్నాళ్లూ జానెడు దాటని పడవ గేటు దాటింది, స్టూడియో బోర్డు దాటింది, వచ్చి బాల్కనీకి సమంగా నిలబడింది. తల ఎత్తకుండా ఆయన కళ్లలోకి చూడడం ఆమెకదే మొదటిసారి.

"డాక్టర్ మాట్లాడొద్దన్నడు సార్" అంది దేవమ్మ. "జవాబు గదే. వినుండ్రి."

ఆ వారం రహమత్ నగర్ నుంచి ఇద్దరు, షేక్‌పేట నుంచి ఒకరు ట్రాక్ పాడే ఆడవాళ్లు తమ పెన్‌డ్రైవులతో వచ్చారు. తర్వాత ఇంకొందరు. వాళ్ల గొంతులూ తోడై పడవ మేడల మీదుగా సాగుతోంది. సందు మొదట్లో హారన్ వినపడడం మానేసింది.

నెల నిండిన రోజు, పడవ చెక్‌పోస్టు మీదుగా పోతుండగా కమలాకర్ ఫోన్ చేశాడు. అర్జెంటుగా ట్రాక్ కావాలన్నాడు. ఎవరిని అడిగినా రామంటున్నారన్నాడు. కరుణాకుమారి స్టీరియో కట్టేసింది. పడవ మెల్లగా దిగడం మొదలెట్టింది. నెల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట ఇది:

"ట్రాక్ పాడనండీ. పాటైతే పాడతా, నా పేరుతో."

ఆమె ఇంకా పాడలేదు, స్టీరియో పెట్టలేదు. పడవ దిగడం మానేసి ఇంకో జానెడు పైకి లేచింది.