రెట్టింపైన కణాలు

హెచ్ఐవీ టీకా తయారుచేసే పరిశోధనశాలలో ఆమె టెక్నీషియన్. టీకా వేయించుకున్న వాలంటీర్ల రక్తంలో సహాయక టి కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కించడం ఆమె పని. ఒంట్లోకి రోగం జొరబడితే మిగతా రక్షక కణాలను పనిలోకి పురమాయించేవి ఇవే. హెచ్ఐవీ ఏరికోరి దూరేదీ వీటిలోకే.

కొత్త టీకాతో ఆ కణాలు రెట్టింపయ్యాయి. డైరెక్టర్ ఆ గ్రాఫును తలుపంత ఫ్లెక్సీగా వేయించి విలేకరులను పిలిచారు. పెరిగిన కణాలు మరీ చురుగ్గా ఉన్నాయని, అలాంటివాటిలోకే వైరస్ సులువుగా దూరుతుందని, ముందు ఆ సంగతి పరీక్షించి చూద్దామని టెక్నీషియన్ ఆయన గదికి వెళ్లి చెప్పింది. ఫ్లెక్సీలో తన ఫొటో ఎటువైపు ఉంటే బాగుంటుందని ఆయన ఆమెనే అడిగారు. మళ్లీ వెళ్తే, శుభమా అని సభ పెట్టుకుంటే ఈ నస ఏమిటని విసుక్కున్నారు.

సభలో రోగుల తరఫున ఒకరు ఉండాలన్నారు. ఆమె బాబాయి దర్జీ. పదహారేళ్లుగా హెచ్ఐవీ మందులు వాడుతూ నిక్షేపంగా ఉన్నాడు. ఆయనను ముందు వరుసలో కూర్చోబెట్టి, చివర్లో చదవమని కృతజ్ఞతల కాగితం చేతికిచ్చారు.

డైరెక్టర్ గంటసేపు మాట్లాడారు. బాబాయి మైకు అందుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క సందేహం సార్. వెయ్యిదాకా ఉండాల్సిన నా కణాలు వందకు పడిపోయినప్పుడు చావు అంచుదాకా వెళ్లొచ్చాను. వాటిని తినేసింది ఈ వైరస్సే. మరి మీరు పెంచినవి దానికి అడ్డం పడతాయా, దాని నోటికి అందుతాయా?"

చక్కని ప్రశ్న అన్నారు డైరెక్టర్. చాలా చక్కని ప్రశ్న అని మళ్లీ అన్నారు. ఆపైన టీ విరామం ప్రకటించారు.

బంధువుకు ప్రశ్న నేర్పినందుకు సంజాయిషీ ఇమ్మని మర్నాడు ఆమెకు మెమో వచ్చింది. ఇంట్లో అది చదివి బాబాయి నొచ్చుకున్నాడు.

"నాకు ఒకరు నేర్పాలా అమ్మా? పదహారేళ్లుగా ఆ కణాలతోనే కాపురం చేస్తున్నాను."

ప్రశ్న ఆయనదేననీ, జవాబు మాత్రం మన దగ్గర లేదనీ ఆమె రాసిచ్చింది.

విలేకరులు రోజూ ఫోన్లు చేయడంతో పరీక్ష తప్పలేదు. ఆమె మూడు వారాలు మైక్రోస్కోపు వదల్లేదు. గాజు పళ్లెంలో, పెరిగిన కణాలు పదింటిలో ఏడింటిలోకి వైరస్ దూరింది. ఆ టీకా ఆపేశారు. వాలంటీర్లందరినీ పిలిచి పరీక్షించారు. ఎవరికీ హెచ్ఐవీ సోకలేదు. ఆమె ఆ సాయంత్రం మెట్లమీదే కూర్చుండిపోయి ఏడ్చింది.

ఈ ప్రమాదాన్ని తామే మొదట పసిగట్టామని డైరెక్టర్ వేరే సభలో ప్రకటించారు. కణాలను అంతగా రెచ్చగొట్టని టీకాకోసం సలహా సంఘం వేసి, బాబాయిని సభ్యుణ్ణి చేశారు. ఆయన ప్రశ్నలకు అజెండాలో పదకొండో అంశంగా చోటిచ్చారు. మొదటి సమావేశం ఎనిమిదో అంశం దగ్గరే ముగిసింది.

రెండో సమావేశంలో అధ్యక్షుడు గొంతు సవరించుకోకముందే బాబాయి లేచాడు.

"పదకొండోది ముందు కానిద్దాం సార్. రెండింటికి నేను షాపు తెరవాలి."

పదకొండోదానితోనే మొదలుపెట్టారు.