అమావాస్య నాడు ఆగిన నోడు

కోటలోపల వెలసిన కొలువుసామి!
చెన్నకేశవా! నీ పాద సేవలోన
తెలిసి తెలియక పలికిన తెగువమాట
కడిగి మా పాపమును బాపి కావవయ్య!

గద్వాల నేతగాళ్లలో నర్సింహులుది పేరున్న చేయి. నూలు చీరకు ఆయన పట్టు అంచు కలిపితే, అతుకు ఎక్కడుందో దీపం పెట్టి వెతికినా దొరకదు. ఆచారంలోనూ అంతే గట్టివాడు. అమావాస్య నాడు మగ్గం తాకకపోవడం కులవృత్తిలో అందరూ పాటించే నియమమే. ఆయన ఇంకో మెట్టెక్కి, ఆనాడు మగ్గపు గదికే తాళం వేసి చెవిని మొలకు కట్టుకునేవాడు.

ఆ గది మూలనే కోడలు మాలతి సర్వరు ఉంది. కంప్యూటరు చదువు చదివిన ఆ అమ్మాయి, పట్నం కొలువు వద్దనుకొని, ఒక డిజిటల్ నాణేనికి నోడు నడిపే పనిని ఇంటిపట్టునే సంపాదించుకుంది. ఆ నాణెం ఎవరి నుంచి ఎవరికి మారిందో దేశదేశాల్లోని యంత్రాలు కలిసి సాక్ష్యం చెబుతాయి. నోడు అంటే అలాంటి సాక్షి యంత్రమే; మాలతిదీ అందులో ఒకటి. పిలిచిన వేళ పలకని సాక్షికి సభలో పీట ఉండదు.

ఇంతలో ఆ నెట్‌వర్కు కొత్త నియమాలకు మారే కాలం వచ్చింది. నమోదుల వరుస నిర్ణయించిన అంకెకు చేరగానే పాత ప్రోగ్రాము తనంతట తానే ఆగిపోతుంది. వెంటనే కొత్తదాన్ని నిలిపి, అమరికలు సరిచేసి, మళ్లీ నడపాలి. ముందుగా చేయరాదు, ఆలస్యమూ పనికిరాదు. ఆ ఘడియ పాడ్యమి నాటి ఉదయానికి వస్తుందని అందరూ అంచనా కట్టారు. తీరా చూస్తే నెట్‌వర్కు వేగం పుంజుకొని, అది అమావాస్య సాయంత్రానికే వచ్చి కూర్చుంది. పరాయివాళ్లు చొరబడతారేమోనన్న జాగ్రత్తతో, ఎదుట కూర్చుంటే తప్ప సర్వరులో ఏదీ మారకుండా మాలతే కట్టడి చేసుకుంది.

"మామా, జర తాళం తియ్యవా? మగ్గం ముట్ట. మూలకు కూసొని నా పని చేసుకొని వస్త," అని బతిమాలింది.

నర్సింహులు నవ్వాడు. "ఏంది బిడ్డా, నీ మిషినికి అమాస లేదు, పున్నం లేదా? అది గుడ ఒక్కపూట పండుకోనియ్యి."

"అది పండుకుంటే మనల్ని ఇడిసిపెట్టి పోతరు మామా. అందరితోని గల్సి మారాలె."

"పోతే యాడికి పోతరు? పొద్దుగాల కలుస్తవులే. పెద్దల మాట దాటి బాగుపడ్డోళ్లను నేనైతే చూడలే."

వంటింట్లోంచి అత్త పెంటమ్మ తొంగిచూసింది. "ఇయ్యరాదయ్యా! గా తాళంచెవిని లంకెబిందె లెక్క కాస్తున్నవ్."

"నువ్వు ఊకో," అన్నాడాయన.

పెద్దల మాట అన్న తర్వాత మాలతి వెనక్కి తగ్గింది. నోడు ఆగిపోవడం ఫోనులో చూస్తూ గడప మీద కూర్చుంది. ఆయన నిశ్చింతగా సంధ్య వార్చుకున్నాడు.

తెల్లవారి తలుపు తీయగానే ఆమె లోపలికి పరుగెత్తింది. కొత్త ప్రోగ్రాము నిలిపింది, అమరికలు సరిచేసింది, నడిపింది. నోడు చక్కగానే లేచింది. అయినా ఆమె చేతులు ఒళ్లో వాలిపోయాయి.

"ఏమైంది బిడ్డా? నడుస్తుంది గద!"

"నడుస్తుంది మామా. సాక్షులల్ల నా పేరు కొట్టేసిండ్రు. ఆ జాగల వేరేటోళ్లు కూసున్నరు."

"గిట్ల అమాస అడ్డమొచ్చిందని చెప్పు. మళ్ల తీస్కోరా?"

"వాళ్లకు అమాస తెల్వదు మామా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆయనకు.

కోడలు పెరట్లోకి వెళ్లాక పెంటమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది: "వానకాలంల అమాస నాడు కప్పు కారితే, తాళం దీసి ఉరికి పడుగు మీద కవరు కప్పింది ఎవరు? అప్పుడేమన్నవ్? పని చేసుడు తప్పు గాని కాపాడుకునుడు తప్పు గాదన్నవ్. నీ పడుగుకు ఒక నాయం, దాని పడుగుకు ఒక నాయమా?"

నర్సింహులు మొలనున్న తాళంచెవిని తడుముకున్నాడు. శాస్త్రానికి ఎరుక ఉంది, ఆచారానికి దయ ఉంది. ఆ రెంటినీ తన చీర కోసం ఆ వాన నాడే గుర్తించాడు. కోడలి వంతు వచ్చేసరికి తాళంచెవి ఒక్కటే గుర్తుంది.

పనిలేని సర్వరు కొన్నాళ్లకు మూతపడింది. మాలతి రాట్నం ముందు కూర్చొని నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. నలుగురిళ్ల కోడళ్లలాగా తన కోడలూ మగ్గం పనిలో చేయి కలపాలని ఆయన ఎన్నడో ఆశపడ్డాడు. ఆశ తీరింది. తీరిన ఆశను కన్నెత్తి చూడలేక మగ్గం మీద నాడె విసురుతూ తల వంచుకున్నాడు.

"ఇంకో నాణెపోళ్లను అడుగరాదు బిడ్డా?"

"అడుగుత మామా," అంది ఆమె, చేయి ఆపకుండా.

తప్పు నాదే అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఇంట ఏ మామా కోడలితో అలాంటి మాట ఎన్నడూ అనలేదు.

"కండెలు చాలు బిడ్డా. జర లేచి ఇంత తిను," అని మాత్రం అనగలిగాడు.

ఈ కథ విన్న ఇళ్లలో పెద్దల నాలుకకు నిదానమూ, పిన్నల పనికి నిండు కాపలా కలుగుగాక! చెప్పవలసిన మంచి మాట పొద్దు దాటకముందే పెదవి దాటుగాక! చెన్నకేశవుడు అందరినీ చల్లగా చూచుగాక!