ఏనుగుల కొండ మీద గార్డు ఈల

ఈ కొండనడకల వ్యాపారం మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్నవి నలభై జతల కొండబూట్లు. అదీ కొండ అన్నదే లేని ఖరగ్‌పూర్‌లో.

ఝపటాపూర్‌లో నాది చెప్పుల కొట్టు. కలకత్తాలో మూతపడిన దుకాణం సరుకు చవగ్గా వస్తుంటే మూటలు విప్పి చూడకుండా తెచ్చుకున్నాను. విప్పితే సగం కొండబూట్లు. ఏడాదిపాటు అటక మీదే ఉన్నాయి. బూట్లకు కొండ కావాలి కాబట్టి కొండను వెతకడం మొదలుపెట్టాను.

ఝార్‌గ్రామ్ దాటి బేల్‌పహాడీ వైపు వెళితే చాంద్‌డుంగ్రి అనే చిన్న ఊరు తగిలింది. వాగు ఒడ్డు నుంచి కొండ నడుము దాకా మెట్లు మెట్లుగా వరిమళ్లు, వాటి పైన ఆవాల చేలు, ఆ పైన సాల్ చెట్ల అడవి. రెండు గంటల నడక. మా ఊళ్లోని ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివే మన తెలుగు పిల్లలు ఆదివారమైతే హాస్టల్లో పడుకుని ఫోన్లు చూస్తుంటారు. వాళ్లను ఈ దారిన నడిపిస్తే బూట్లు వాటంతటవే అటక దిగుతాయని నా లెక్క.

కాకపోతే దారి మధ్యలో రాధారాణి మహతో పొలం గట్ల మీదుగానే పోవాలి. ఒకవైపు నిట్టనిలువు బండ, ఇంకోవైపు ముళ్లపొదలు. అరవై దాటినావిడ, కొడుకులతో సమానంగా కోత కోస్తుంది. మూడుసార్లు వెళ్లి అడిగితే ఒప్పుకుంది. గట్టు తెగకూడదు, పైరు తొక్కకూడదు, చెత్త పారేయకూడదు అంది. అన్నిటికీ సరేనన్నాను. ఈల సంగతి ఆవిడ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు.

పిల్లల్ని నడిపించడానికి దేముడు బావను పెట్టుకున్నాను. మా పెద్దమ్మ అల్లుడు, ఖరగ్‌పూర్‌లోనే ట్రాఫిక్ అనే పేటలో ఉంటాడు. ముప్పై నాలుగేళ్లు గూడ్సు బళ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యాడు. కాళ్లలో సత్తువ ఉంది, నిమిషం తేడా రానివ్వడు. సంచిలో పచ్చజెండా, ఎర్రజెండా, ఈల ఇప్పటికీ మోస్తాడు.

డిసెంబరు మొదటి ఆదివారం, నా దగ్గర బూట్లు కొని తొడుక్కున్న పదకొండు మందితో పొద్దుటి లోకల్ ఎక్కి, ఝార్‌గ్రామ్‌లో దిగి, జీపుల్లో వాగు దగ్గరికి చేరాం. పిల్లలు రాళ్లెక్కి ఫొటోలు తీసుకుంటున్నారు. బావ గడియారం చూసుకున్నాడు. బండి లేటైపోతోందని గొణిగి, ఈల నోట్లో పెట్టుకుని గుండెల నిండా ఊపిరి పీల్చి ఊదాడు.

వెంటనే పైనుంచి రేకు డబ్బాల మోత. కొడవళ్లు వదిలేసి ఆడవాళ్లు పిల్లల కోసం ఊరి వైపు పరుగెత్తారు. మగవాళ్లు కర్రలు పట్టుకుని అడవి అంచుకు పోయారు. వాగు దాటుతున్న ఎడ్లు బెదిరి కాడి తెంచుకున్నాయి, వరి కట్టల బండి నీళ్లలో తిరగబడింది. ఆ ఊళ్లో ఈల మోగిందంటే ఏనుగులు దిగాయని అర్థం.

అందరూ పైకి పరుగెడుతుంటే కిందికి వచ్చింది రాధారాణి ఒక్కతే. బండిని చూసింది, బావ నోట్లో ఈలను చూసింది.

"దారి మూసేశాను. వెళ్లిపోండి," అంది బెంగాలీలో, గొంతు పెంచకుండా.

నష్టం కట్టిస్తానన్నాను.

"నీ డబ్బు నా వరిని ఆరబెడుతుందా?"

బావ ఈల నోట్లోంచి తీశాడు. "ముప్పై నాలుగేళ్లలో ఒక్క పెట్టి పట్టా తప్పనీనేదు భూషణం. ఈ పొద్దు ఎడ్లబండి బోర్లా పడగొట్టినాను. ఏటి సేత్తాం?"

తడిసిన కట్టలు పొద్దుండగానే కళ్లం మీద విప్పి ఆరబెట్టకపోతే గింజ మొలకెత్తుతుంది. ఆవిడ మనుషులు అడవంతా చూసుకుంటే గానీ తిరిగి రారు. నీళ్లలోకి దిగి కట్టలు లెక్కపెట్టాను. అరవై ఆరు. మేం పదమూడు మంది. తలకు ఐదు. కళ్లం కొండ మీద, మేం ఎక్కాల్సిన దారిలోనే ఉంది. నడక రద్దు, మోత ఉంది, ఇష్టం లేనివాళ్లు జీపులో కూర్చోవచ్చు అని పిల్లలకు చెప్పాను.

వరంగల్ అమ్మాయి రష్మిత చున్నీని చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. వాళ్లది వ్యవసాయ కుటుంబం.

"ఎక్కనీకే వచ్చినం గద అంకుల్. మోసుకుంట ఎక్కుతం," అని, వెనక నిలబడ్డ మగపిల్లల వైపు తిరిగింది. "జిమ్ముల అద్దం ముంగట ఎత్తుడు కాదు, ఇది ఎత్తుండ్రి."

ఒక్కరూ జీపు ఎక్కలేదు. నెత్తిన కట్టలు చూసి రాధారాణి దారికి అడ్డం తప్పుకుంది. ఐదుసార్లు ఎక్కాం, ఐదుసార్లు దిగాం. మిగిలిన అరవై ఆరో కట్టను బావ ఎవరికీ ఇవ్వలేదు. మూడు గంటలకల్లా ఆఖరి కట్ట కళ్లం మీద పరిచాం. పూటంతా నీళ్లలో నానినా ఒక్క బూటు అడుగు ఊడలేదు. అది నేను మనసులో రాసుకున్నాను.

రాధారాణి మరమరాలు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు తెచ్చి మా ముందు పెట్టింది. తర్వాత బావ దగ్గర ఈల తీసుకుని తిప్పి చూసి, ఎంత దూరం వినిపిస్తుందని అడిగింది. యాభై పెట్టెల బండికి ఆ చివరినుంచి ఈ చివరికి వినిపిస్తుందని చెప్పాడు బావ. వాళ్లది జాతరలో కొన్న ప్లాస్టిక్ ఈల, గాలి ఎదురైతే పై చేలకు చేరదు. బావ ఈల తిరిగి అడగలేదు.

"మరి నీ బండి ఎలా కదులుతుంది దాదా?" అంది.

బావ సంచిలోంచి పచ్చజెండా తీసి, లేచి నిలబడి, చప్పుడు లేకుండా ఊపాడు. పొద్దుటినుంచి ఆవిడ నవ్వడం అదే మొదలు.

అయితే షరతు పెట్టకుండా వదలలేదు. కోతలు అయ్యేదాకా కొండెక్కే ప్రతి మనిషీ కింది మడి నుంచి ఒక కట్ట పైకి చేర్చాలి. ఉత్త చేతులతో వచ్చేవాళ్లకు దారి లేదు. నేను బేరం ఆడలేదు. కట్ట మోస్తున్న ఫొటోలు అప్పటికే హాస్టళ్లకు చేరిపోయాయి. ఆ మరుసటి ఆదివారం ఇరవై ముగ్గురు వచ్చారు, ఎవరి చుట్టకుదురు వాళ్లే తెచ్చుకున్నారు.

జనవరిలో నిజంగానే ఏడు ఏనుగులు దిగాయి. గార్డు ఈల మోగింది, ఊరంతా డబ్బాలతో వేళకు చేరింది, కుప్పలు కళ్లం మీదే నిలిచాయి.

ఇదీ లెక్క. పోయింది ఒక ఈల. నలభై జతల్లో మిగిలినవి నాలుగు, నాలుగూ పదకొండో నంబరు, అంత పాదం ఉన్నవాడు ఇంకా ఇన్‌స్టిట్యూట్‌లో చేరలేదు. వచ్చింది వాగు నుంచి సాల్ అడవి దాకా రెండు గంటల దారి, ఏ ఆదివారం వెళ్లినా తెరిచే ఉంటుంది.