పదకొండో పేరా

అతన్ని ఆఫీసులో అందరూ పాతకాపు అని పిలిచేవారు. ముప్ఫై మంది ఉన్న ఆ చిన్న కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాడు. ఎవరికీ అంతుపట్టని తప్పు ఎక్కడైనా దొర్లితే అది చివరికి అతని బల్ల దగ్గరికే చేరేది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, సాయంత్రానికల్లా తప్పు పట్టేసేవాడు. ఎలా పట్టాడో చెప్పమంటే మాత్రం నీళ్లు నమిలేవాడు.

మాట్లాడటమన్నది తన పని కాదని అతని నమ్మకం. క్లయింట్లతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి కంపెనీ ఒకసారి రెండు రోజుల తరగతి పెట్టించింది. పాతకాపు చివరి వరసలో కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఆ రెండు రోజులూ కోడ్ సరిదిద్దుకున్నాడు. "అవన్నీ సరుకు అమ్ముకునేవాళ్లకి కావాలి గానీ నాకెందుకు?" అని ఆ సాయంత్రం భార్యతో అన్నాడు. ఆవిడ బడిలో టీచరు. "సరుకు మీదగ్గరుంది కాబట్టే మీకు కావాలి" అని ఆవిడ అంటే నవ్వి ఊరుకున్నాడు.

అతని మేనేజరు ముప్ఫై రెండేళ్లవాడు. పాతకాపు దగ్గరే పని నేర్చుకుని, నాలుగేళ్లు తిరక్కుండానే అతనికే పైవాడయ్యాడు. మాటకారి. పాతకాపుని మాత్రం చివరిదాకా "గురువుగారూ" అనే పిలిచాడు, ఆ పిలుపులో వెటకారం ఎప్పుడూ లేదు.

ఆ ఏడాది వాళ్లకొక పెద్ద కోల్డ్ స్టోరేజీ పని వచ్చింది. అక్కడ గదుల్ని చల్లబరచడానికి గొట్టాల్లో అమ్మోనియా వాయువు తిరుగుతూ ఉంటుంది. అది లీకైతే ప్రాణాంతకం. ఎక్కడ వాయువు లీకైనా, తలుపు తెరిచి వదిలేసినా, చలి తగ్గినా, డ్యూటీలో ఉన్న ఇంజినీరు ఫోనుకి వెంటనే హెచ్చరిక వెళ్లాలి. ఆ ప్రోగ్రాము రాసింది పాతకాపే.

అప్పజెప్పడానికి వారం ముందు అతనికి అందులో ఒక లోపం కనిపించింది. హెచ్చరికలు ఒకదాని వెనక ఒకటి వరసగా వెళ్తున్నాయి. ఇంజినీరు ఒకదాన్ని చూసి బటన్ నొక్కితే తప్ప తర్వాతది కదలదు, లేదా ఒక్కోదానికి ఒక నిమిషం ఆగాలి. అంటే, తలుపుల గురించి ఇరవై హెచ్చరికలు ముందు నిలబడి ఉంటే, వాయువు లీకైందన్న కబురు వాటి వెనక తన వంతు కోసం ఎదురుచూస్తుంది. సరిచేయడానికి పది రోజులు కావాలి. ఉన్నవి ఐదే.

అతను మేనేజరుకి మెయిల్ రాశాడు. మొత్తం మూడు పేజీలు, పద్నాలుగు పేరాలు. మొదటి పది పేరాల్లో ప్రోగ్రాము ఎలా కట్టాడో, ఏ పరీక్షలు పెట్టాడో ఉంది. పదకొండో పేరాలో ఇలా రాశాడు: "కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో హెచ్చరికల వరుసలో జాప్యం ఏర్పడే అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము." రాశాక ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. చెప్పాల్సింది చెప్పేశానని అతనికి తృప్తిగా అనిపించింది.

గురువారం మీటింగుకి కోల్డ్ స్టోరేజీ యజమాని స్వయంగా వచ్చాడు. మేనేజరు అన్నీ వివరించి, చివర్లో ఇటు తిరిగాడు.

"గురువుగారూ, రేపు పెట్టేయొచ్చు కదా?"

పాతకాపు గొంతు సవరించుకున్నాడు. "దాదాపుగా సిద్ధమే. ఒకటి రెండు సందర్భాల్లో కొంచెం చూసుకోవాల్సి ఉంటుంది. మెయిల్లో రాశాను."

యజమాని నవ్వాడు. "మా ఇంజినీర్లూ ఇంతేనండీ. ఏ పనీ అయిపోయిందని చచ్చినా ఒప్పుకోరు."

అందరూ నవ్వారు. పాతకాపు కూడా నవ్వాడు. శుక్రవారం ప్రోగ్రాము పెట్టేశారు. పాత అలారం గంట ఊరికే మోగి విసిగిస్తోందని, కొత్తది వచ్చిన మర్నాడే అక్కడి ఇంజినీరు దాని వైరు పీకేశాడు.

ఆరు వారాల తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం, లారీలకి సరుకెత్తుతూ తలుపులు బార్లా తెరిచి ఉంచారు. తలుపుల హెచ్చరికలు పుంఖానుపుంఖాలుగా పోతున్నాయి. వాటితో విసుగెత్తిన ఇంజినీరు, వాయువు లీకైతే వేరే మోత వినబడుతుందన్న ధీమాతో, ఫోను బల్ల మీద బోర్లించి పక్కనే భోజనానికి కూర్చున్నాడు. పన్నెండూ నలభై ఒకటికి లోపలి గదిలో గొట్టం అతుకు ఊడింది. ఆ కబురు ఫోనుకి చేరేసరికి సరిగ్గా ఒంటిగంట అయింది. లోపల పదకొండు మంది ఆడవాళ్లు పండ్లు ఏరి పెట్టెల్లో సర్దుతున్నారు. తొమ్మిది మంది ఎలాగో బయటపడ్డారు. ఒకామె ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి పాలైంది. వాళ్లందరికీ మేస్త్రీగా ఉన్నామె తలుపుకి నాలుగడుగుల దూరంలో పడిపోయి చనిపోయింది.

ఆ వేళలన్నీ కంప్యూటర్లో నమోదై ఉన్నాయి. వాటిని మొదట చూసింది పాతకాపే. ఒక వరసలో 12.41, దాని పక్కన 1.00. ఆ రెండు అంకెల్నీ చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు.

విచారణకి వచ్చిన అధికారి నెమ్మదైన మనిషి. ఆ మెయిల్ అచ్చు తీయించి, పదకొండో పేరా కింద పెన్సిల్‌తో గీత గీశాడు.

"మీరు ముందే రాశారు. చదవాల్సినాయన చదవలేదు. మీ వైపు తప్పేం కనపడటం లేదండీ" అన్నాడు.

మేనేజరుని ఆ సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు. అతను అట్టపెట్టెలో సామాన్లు సర్దుకుని వెళ్తూ మెట్ల దగ్గర పాతకాపుకి ఎదురయ్యాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ మెయిల్ చదివాను గురువుగారూ. మొత్తం చదివాను. ఇంత ప్రమాదమని అందులో నాకెక్కడా అనిపించలేదు. 'పెట్టొద్దురా' అని ఒక్క మాట అనుంటే ఆపేసేవాణ్ణి. మీ మాట నేనెప్పుడైనా కాదన్నానా?"

మేనేజరు పెట్టె భుజానికెత్తుకుని దిగిపోయాడు.

వారం తిరక్కుండా కంపెనీ యజమాని పాతకాపుని పిలిచి, మేనేజరు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోమన్నాడు. లాయరు పక్కనే ఉన్నాడు. "ఒక్కటి గుర్తుంచుకోండి. చనిపోయినావిడ ఇంటివాళ్లని కలవొద్దు. ఫోనులో కూడా మాట్లాడొద్దు" అని లాయరు హెచ్చరించాడు. పాతకాపు తలూపాడు. అలా తలూపినందుకు ఆ రోజంతా తనమీద తనకే రోత పుట్టింది.

ఆదివారం ఉదయం, భార్యతో కూడా చెప్పకుండా, అతను ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. మూడో అంతస్తులో రెండు గదులు. వరండాలో తీగ మీద, చలిగదుల్లో వేసుకునే మందపాటి ఉన్ని మేజోళ్లు ఒక జత ఆరేసి ఉన్నాయి. ఎన్నాళ్లుగా అక్కడున్నాయో, బిరుసెక్కిపోయాయి. తలుపు తీసింది ఆమె భర్త. అదే కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు.

"ఎవరు కావాలండీ?"

"ఆ అలారం ప్రోగ్రాము రాసింది నేను."

అతను పక్కకి తప్పుకుని దారిచ్చాడు. లోపల ఒకే కుర్చీ ఉంది. దాన్ని చూపించి తను నిలబడ్డాడు.

"అది సరిగ్గా పనిచెయ్యదని మీకు ముందే తెలుసా?"

"అసలు పనిచెయ్యదని కాదండీ, కొన్ని సందర్భాల్లో వరస పెరిగితే..."

"అయ్యా, నాకవన్నీ తెలీవు. తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"ఎవరికి చెప్పారు?"

"మెయిల్లో రాశాను."

"రాసింది కాదు. నోరు తెరిచి ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు."

ఆమె భర్త గోడకి ఆనుకున్నాడు. "ఆ రోజు నేను లోపలికి పోబోతుంటే నలుగురు పట్టుకుని ఆపేశారు. కిటికీ దగ్గర నిలబడి అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. ఆ అరుపు విని, ఎటు రావాలో తెలిసి ముగ్గురు బయటికొచ్చారంట. మా ఆవిడ రాలేదు. నాకు సంతకం తప్ప చదువు రాదు. అరవడమొక్కటే వచ్చు. మీరు..."

తలుపు దాకా వచ్చి, "ఇంకెప్పుడూ రావద్దండీ" అన్నాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

పాతకాపు ఇంటికి వెళ్లి భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ ఏడ్చింది గానీ అడ్డు చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే విచారణ అధికారికి ఉత్తరం రాశాడు. ఈసారి నాలుగే వాక్యాలు. "లోపం నాకు తెలుసు. మనుషులు చనిపోవచ్చని తెలుసు. పెట్టొచ్చా అని మీటింగులో అందరి ముందూ అడిగితే సిద్ధమే అన్నాను. వద్దని ఉంటే మా మేనేజరు ఆపేవాడు."

ఆ ఉత్తరం వల్ల జరిగిందేమిటంటే, కంపెనీ పాతకాపుని కూడా తీసేసింది. మేనేజరుకి ఉద్యోగం తిరిగి రాలేదు. ఉత్తరం నకలు పంపిస్తే అతని దగ్గర్నించి "అందింది" అని ఒక్క మాట జవాబొచ్చింది, అంతే. అధికారి తన నివేదికలో ఉత్తరాన్ని చివరి అనుబంధంగా చేర్చాడు. వైరు పీకిన ఇంజినీరు మీద, కోల్డ్ స్టోరేజీ యజమాని మీద కేసు నడుస్తోంది.

తర్వాత ఎనిమిది నెలల్లో పాతకాపు పదమూడు ఇంటర్వ్యూలకి వెళ్లాడు. అన్నిచోట్లా లెక్కలు, కోడ్, పరీక్షలు చిటికెలో ముగించేవాడు. ఆ తర్వాత ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, పాత చోట మీరు చేసిన పెద్ద పొరపాటు ఏమిటీ, దాన్నుంచి ఏం నేర్చుకున్నారూ అని. కష్టపడి పనిచేయడమే నా లోపమని కొందరు చెప్పి నెగ్గుకొస్తారని అతనికి తెలుసు. అతను జరిగింది జరిగినట్టు చెప్పేవాడు. పదమూడోచోట అడిగినమ్మాయి రాసుకోవడం ఆపేసి, "ఆసుపత్రిలో చేరినావిడ ఎలా ఉన్నారండీ?" అంది.

"నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలిట. పని మానేసింది."

ఆ అమ్మాయి పెన్ను మూసి, "మేం తెలియజేస్తామండీ" అంది. తెలియజేయలేదు.

ఒక సోమవారం పొద్దున్న పద్నాలుగో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. భార్య బడికి వెళ్లే హడావిడిలోనే అతని చొక్కా ఇస్త్రీ చేసింది.

"ఏమండీ, ఆ సంగతి తీసుకురాకుండా ఉండలేరా? ఒక్కసారి."

"నా అంతట నేను తీసుకురాను. అడిగితే చెప్తాను."

"అడుగుతారు."

"అవును, అడుగుతారు."

ఆవిడ ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, చొక్కా అతని చేతికిచ్చింది. అది ఇంకా వెచ్చగా ఉంది. అతను తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, బస్సుకి బయల్దేరాడు.