అక్క ఫోనులో మాట్లాడింది

మా అక్కకు పుట్టుకతోనే వినపడదు. ఆమె వంతు మాటలు కూడా నేనే మాట్లాడేస్తానని ఇంట్లో నాకు వాగుడుకాయ అని పేరు. ఫోను దగ్గర అది నిజమే. అక్క చేతులతో చెప్పేది, నేను ఫోనులో చెప్పేదాన్ని. ఆమె పది మాటలు చెబితే నేను నాలుగుతో సరిపెట్టేదాన్ని. అవతల ఆమె స్నేహితురాలికీ వినపడదు, ఆమె తరఫున వాళ్ళ వదిన మాట్లాడేది. ఆవిడకు నాకంటే తొందర.

అక్క పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. కుట్టడానికి వచ్చిన పుస్తకాన్ని చదవందే వదలదు. అలాగే కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ మీద ఒక లావుపాటి పుస్తకం చదివి, పాత కంప్యూటర్ కొని, అందులో ఆ లినక్సే ఎక్కించింది. ఫోను తీగను మోడెమ్ అనే చిన్న పెట్టెకు తగిలించింది. ఇంటర్నెట్ ఆ పెట్టెలోంచే రావాలి, వస్తే స్నేహితురాలితో నేరుగా రాతలో మాట్లాడుకోవచ్చు. రెండు ఆదివారాలు తంటాలు పడినా రాలేదు.

స్నేహితురాలికి ఆఫీసు కంప్యూటర్ ఆదివారం నాలుగు నుంచి ఐదు దాకానే దొరుకుతుంది. వచ్చే వారం ఆమెను కంప్యూటరే లేని ఆఫీసుకు బదిలీ చేస్తున్నారని ఉత్తరం వచ్చింది. అంటే ఇవాళ కాకపోతే ఇక లేదు.

నాలుగున్నరకు కూడా తెర మీద అదే మొండి మాట, లైను కలవలేదని.

"ఏం వినపడింది?" అని అక్క చేతులతో అడిగింది.

"ముందు ఫోనెత్తితే వచ్చే కూత వచ్చింది. పెట్టె ఏదో రాగం తీసింది. మళ్ళీ అదే కూత."

"నంబరు తిప్పాక కూడా ఆ కూత ఆగలేదా?"

"లేదే."

అక్క మా పాత ఫోను వైపు చూసింది. వేలు పెట్టి తిప్పే చక్రం ఉన్న ఫోను అది.

"నువ్వు తిప్పేటప్పుడు చూస్తుంటాగా. చక్రం తొమ్మిదికి చాలాసేపు తిరిగొస్తుంది, రెండుకి చటుక్కున వస్తుంది. అంటే ఏ అంకెకు అన్ని దెబ్బలు పడుతున్నాయి, అవతల ఎవరో వాటిని లెక్కపెడుతున్నారు. ఈ పెట్టేమో రాగాలు తీస్తోంది."

రెండు చెవులూ ఉండి, ఇరవై ఏళ్ళుగా ఆ చక్రం తిప్పుతూ, నాకెప్పుడూ ఈ ఆలోచనే రాలేదు. సిగ్గేసింది.

అక్క సెట్టింగులు తెరిచి, రాగాలు మాని దెబ్బలు కొట్టమని మార్చింది. పెట్టె టకటకమంది. అక్క దాని మీద వేలు ఆనించి, పెదవులతో లెక్కపెట్టుకుంది. కూత ఆగింది. కాసేపటికి పెట్టె చెవులు చిల్లులు పడేలా కీచుమని అరిచి, గొంతు నులిమినట్టు ఊరుకుంది. లైను కలిసిందని తెర మీద వచ్చింది.

అక్క మరో నాలుగు మాటలు కొట్టింది. తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో స్నేహితురాలి తెలుగు మాటలే, ఒకటొకటిగా వచ్చాయి.

"వచ్చావా మొద్దుమొహమా? కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది."

అక్క వేళ్ళు పరుగు తీశాయి. వాళ్ళ వదిన మీద ఒక జోకు, నా మీద రెండు. వాటికి అటునుంచి ఇంకా కొంటె జవాబు. మా ఇంట్లో అసలైన వాగుడుకాయ ఈవిడా? ఇన్ని మాటలు ఇన్నేళ్ళూ లోపలే ఉన్నాయా? కొన్నిటిని ఆ ఫోను దగ్గర నిలబడి నేనే మింగేశాను.

అక్క ఏదో పొడుగ్గా రాయబోయి ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"నువ్వు కాసేపు బయటికి వెళ్ళవే. మేం మాట్లాడుకోవాలి."

తలుపు దగ్గరగా వేసి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల మా అక్క ఫోనులో మాట్లాడుతోంది. ఏం మాట్లాడుతోందో నాకు తెలియదు.