గాలిముసుగు చివరి గడి

గురువారం వచ్చిందంటే ఆ బొమ్మల వారపత్రిక ఆఫీసులో బట్టలారేసినట్టు కాగితాలు ఆరేస్తారు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక తాడు, తాడుకు క్లిప్పులు, క్లిప్పులకు పేజీలు. పొద్దున వేలాడదీసిన పేజీ మీద సిరా మధ్యాహ్నం టీ వేళకు ఆరిపోతే గాలిముసుగుకు ఆ కథ నచ్చినట్టు. ఆరకపోతే నచ్చనట్టు. అప్పుడు బొమ్మలు గీసే మాస్టారు కథ మార్చి మళ్లీ గీసేవారు. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఇదేం వింత అని అడిగిన వాళ్లు ఆ ఆఫీసులో లేరు.

గాలిముసుగు అంటే ఆ పత్రికను నిలబెట్టిన వీరుడు. బూడిదరంగు ముసుగు తొడుక్కుని గాల్లో తేలతాడు, కూలే మేడల్ని భుజంతో ఆపుతాడు, టక్కరి దొంగల్ని చొక్కా కాలరు పట్టుకుని తీసుకొచ్చి వాళ్ల అమ్మల ముందు నిలబెడతాడు. మంచివాడే గాని మహా మొండివాడు. ఒకసారి పాఠకులు అడుగుతున్నారని యజమాని అతనికి పెళ్లి చేయించబోయాడు. ముందే గీసిపెట్టిన పెళ్లి పేజీ పదకొండు రోజులు తడిగానే వేలాడింది. పన్నెండో రోజు పెళ్లికూతుర్ని తీసేసి ఆ చోట వీధిదీపం గీస్తే పది నిమిషాల్లో ఆరింది.

మాస్టారు పెన్సిలుతో గీస్తే దాని మీద సిరా దిద్దేది కుంచెమ్మ. పంతొమ్మిదేళ్ల కిందట పనిలో చేరిన రోజున ఆమె పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. "ఆ కుంచె పట్టుకునే అమ్మాయిని పిలవండి" అని యజమాని వెటకారంగా అనేవాడు. అది అరిగి అరిగి కుంచెమ్మ అయింది. చివరి పేజీ అడుగున 'బొమ్మలు: మాస్టారు' అని ఒక్క పేరే పడేది. మొదట్లో అది న్యాయమే. కానీ ఎనిమిదేళ్లుగా మాస్టారి చేయి వణుకుతోంది. ఒక్క గీత గీయబోతే నాలుగు పడుతున్నాయి. ఆ నాలుగింట్లో ఏది అసలు గీతో తేల్చి, మిగతా మూడింటినీ వదిలేసేది ఆమె. మరి ఎనిమిదేళ్లుగా గాలిముసుగును గీస్తున్నది ఎవరో మీరే చెప్పండి.

ఆమెకు ఇంకో అలవాటుంది. ప్రతి సంచికలోనూ ఎక్కడో ఒక మూల, ఎత్తైన మేడకు తాళ్లతో వేలాడే చెక్కపలక మీద నిలబడి కిటికీలు తుడిచే పిల్లను గీసేది. వీపు ఇటు, మొహం గోడకు. పక్కన ఒక బకెట్టు. మాస్టారు ఒకసారి అడిగారు, "ఎవరమ్మాయ్ ఈ పిల్ల?" అని.

"కిటికీలు తుడుచుకునే పిల్ల మాస్టారూ. ఆయన అంత కష్టపడి ఎగురుతుంటే ఎవరో ఒకళ్లు దగ్గర్నుంచి చూడాలి కదా."

మాస్టారు నవ్వారు. పేజీలో ఆ పిల్ల ఉన్న బొమ్మల గడులు ఎప్పుడూ తొందరగానే ఆరేవి.

మొన్నొక గురువారం మాస్టారి బొమ్మలో గాలిముసుగు మెట్లెక్కుతూ సగంలో కూలబడ్డాడు. ఒగరుస్తున్నాడు. ముసుగు అంచు కింద నెరిసిన జుట్టు కనిపిస్తోంది. కుంచెమ్మ సిరా దిద్ది కుంచె పైకెత్తేలోపే ఆ గడి ఆరిపోయింది. ముసుగు ఇంకొకరికి అప్పగించి తప్పుకుంటానంటున్నాడని అందరికీ అర్థమైంది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "నేనూ అదే అనుకుంటున్నానమ్మాయ్" అన్నారు.

వారసుడెవరన్న ప్రశ్నే యజమానికి రాలేదు. బొమ్మల కాలేజీలో చదువు ముగించుకొచ్చిన కొడుకున్నాడు, ఆఫీసంతా చినబాబు అంటారు. ఇక మీదట బొమ్మలు చినబాబువి. కథలో ముసుగు గాలిముసుగు కొడుక్కి. ఒక్క దెబ్బతో రెండు వారసత్వాలూ తేల్చేసి ఆయన హాయిగా టీ తాగాడు.

"కొడుకా?" అని నోరెళ్లబెట్టాడు బుడగలాయన. పాత్రల నోటి పక్కనుండే బుడగల్లో మాటలు రాసే మనిషాయన. "పెళ్లే వద్దన్న వాడికి కొడుకేంటి చెల్లెమ్మా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!"

"తప్పిపోయాడంట అన్నయ్యా, చిన్నప్పుడు" అంది కుంచెమ్మ.

"ఎవరి చిన్నప్పుడు?"

తర్వాతి గురువారం చినబాబు పేజీ గీసుకొచ్చాడు. గీత బాగానే ఉంది, అబద్ధమెందుకు. కాకపోతే తప్పిపోయిన కొడుకుది అచ్చం చినబాబు మొహమే, అదే ముక్కు, అదే క్రాపు. కుంచెమ్మ సిరా దిద్ది తాడుకు తగిలించింది. పేజీలో ఆరు గడులు. అయిదు ఆరాయి. గాలిముసుగు ముసుగు తీసి కొడుకు చేతిలో పెట్టే చివరి గడి మాత్రం నిగనిగలాడుతూ ఉండిపోయింది.

శుక్రవారం ఫ్యాను కింద పెట్టారు. డాబా మీద ఎండలో పెట్టారు. చినబాబు కొత్త సిరా బుడ్డి తెప్పించి, గడి మొత్తం వేరే కాగితం మీద తనే గీసి తనే దిద్దాడు. అదీ ఆరలేదు. ఆరిందేమోనని వేలుపెట్టి చూడబోతే బొమ్మలో తన ముక్కే చెంప దాకా సాగింది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ప్రెస్సు వ్యాను వస్తుంది. రెండింటికి యజమాని కుంచెమ్మ బల్ల దగ్గరికి వచ్చాడు. వెనకాలే చినబాబు. మాస్టారు మూల కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"నీ చేతిలోనే ఏదో ఉంది" అన్నాడు యజమాని.

"నా చేతిలో కుంచె ఉందండీ."

"వేళాకోళమా? ఎందుకారట్లేదు?"

"ఎందుకో మీకు తెలుసండీ. పెళ్లి పేజీ అప్పుడూ తెలుసు. ఆయనకి ఇష్టం లేదు."

యజమాని తడి గడి వైపు చూశాడు. "మరెవరికిస్తాడంట?"

"కిటికీల పిల్లకి."

"కిటికీలు తుడిచేదానికా? నలుగురూ నవ్విపోతారు!"

"ముసుగూ గట్రా ఏమీ లేకుండా ఇరవయ్యో అంతస్తులో నిలబడి పని చేసుకునే మనిషండీ. మీ వారసుడు ఇంతవరకూ స్టూలు కూడా ఎక్కలేదు."

బుడగలాయనకు దగ్గు వచ్చింది. యజమాని మొహం కందిపోయింది.

"చూడు. నీకిచ్చిన పని గీసిందాని మీద సిరా దిద్దడం. అంతవరకే. ఆ పేజీ మీద నీ సొంత గీత ఒక్కటి పడిందా, సోమవారం నుంచి రానక్కర్లేదు."

కుంచెమ్మకు భయం వేసింది, వేయలేదంటే నమ్మకండి. నలభై ఏడేళ్ల మనిషి. ఇక్కణ్ణుంచి బయటపడితే ఇంకో పత్రిక గుమ్మంలో నిలబడి 'ఇది నేను గీశాను' అని చూపించుకోవడానికి ఆమె పేరున్న కాగితం ముక్క ఒక్కటి లేదు. పంతొమ్మిదేళ్లలో వెయ్యికి దగ్గరగా సంచికలు, ఒక్కదాని మీదా లేదు. ఆ లెక్క తట్టేసరికి భయం పోయి కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఇంత కోపం ఎక్కడ దాచుకున్నానా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

బ్లేడు తీసి గడి కొలతకు తెల్లకాగితం కోసి, తడి గడి మీద అతికించింది. తప్పులు పడితే అలా అతుకు వేయడం ఆ ఆఫీసులో మామూలే. మామూలు కానిదేమిటంటే, ఆమె పెన్సిలు ముట్టుకోలేదు. నేరుగా సిరాలో ముంచిన కుంచె కాగితం మీద పెట్టింది.

"ఏయ్" అన్నాడు యజమాని.

"గీయనివ్వండి" అన్నారు మాస్టారు. ముప్పై ఏళ్లలో ఆయన గొంతు పెంచడం అదే మొదలు.

ముందు మేడ వచ్చింది. తర్వాత పలక, బకెట్టు. పలక మీద ఒక కాలు మోపి, ముసలి వీరుడు, తీసిన ముసుగు చాపుతూ. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి కిటికీల పిల్ల ఇటు తిరిగింది. వెడల్పు మొహం, ఎండకు చికిలించిన కళ్లు, చెంప మీద సబ్బునురగ. ముసుగు అందుకునే ముందు తడిచేతులు పావడాకు తుడుచుకుంటోంది.

బుడగలాయన మెడ చాచి చూశాడు. "నీ మొహమే పెడతావేమో అనుకున్నా చెల్లెమ్మా."

"నా మొహం నా దగ్గరే ఉంది కదా అన్నయ్యా."

చినబాబు నేల చూపులు చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే చూపుడువేలు చాపి బకెట్టు అంచును తాకాడు. వేలు తిప్పి చూసుకున్నాడు.

"నాన్నా, ఆరిపోయింది" అన్నాడు. "నాకసలు మోటారుబళ్లు గీయడమే ఇష్టం" అని కూడా అన్నాడు.

"బుడగల్లో ఏం రాయను?" అన్నాడు బుడగలాయన పెన్ను మూత తీస్తూ. కథలో ముందున్న మాట 'నా రక్తమే నా వారసుడు'. కుంచెమ్మ కొంచెం ఆలోచించి చెప్పింది, ఆయన రాశాడు. ముసలి వీరుడి బుడగలో: 'తీసుకోమ్మా. వదులైతే బిగించుకో.' పిల్ల బుడగలో: 'ఈ ఒక్క కిటికీ పూర్తిచేసి వస్తా.'

రాసినవి రాసినట్టే ఆరాయి. కింద వీధిలో వ్యాను హారను మోగింది.

యజమాని గడియారం చూశాడు, పేజీ చూశాడు. వ్యానును ఉత్త చేతులతో పంపితే ఆ వారం పత్రికే లేదు. "సరే, ఏడవండి" అన్నాడు. "అడుగున మాత్రం 'బొమ్మలు: చినబాబు' అని పడాలి."

బుడగలాయన రాశాడు. అక్షరాలు మెరుస్తూ ఉండిపోయాయి. ఊదారు. పత్రికతో విసిరారు. రెండుసార్లు అద్దుడు కాగితంతో తీసి మళ్లీ రాశాడు. అంతే.

"మాస్టారి పేరే రాసి చావు!"

'మాస్టారు' అన్నదీ ఆరలేదు. మాస్టారు కుర్చీలోంచి తొంగి చూసి, "ఆ పేరు అబద్ధమని నాకు ఎనిమిదేళ్ల నుంచీ తెలుసు" అన్నారు. తప్పు ఒప్పుకుంటున్నట్టుంది ఆ గొంతు. కుంచెమ్మ వైపు తిరిగి, "నేనే చెప్పాల్సిందమ్మాయ్. నోరు రాలేదు" అన్నారు.

"అవును మాస్టారూ, చెప్పాల్సింది" అంది కుంచెమ్మ.

ఆమె తడి అక్షరాలను శుభ్రంగా అద్ది తీసేసింది. బుడగలాయన చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఎవర్నీ అడగలేదు. వెటకారంగా పెట్టిన పేరే, ఇన్నాళ్లూ దానితోనే పలికింది, దానితోనే పని చేసింది. ఇప్పుడది ఎవరి నోట్లోని మాటా కాదు. 'బొమ్మలు: కుంచెమ్మ' అని గుండ్రంగా, పెద్దగా రాసింది. తన చేత్తో అక్షరాలు రాయడం ఆమెకు అలవాటు లేదు, మొదటి అక్షరం కొంచెం వంకరపోయింది. పోనీలే అనుకుంది.

యజమాని ముందుకు వంగి బొటనవేలు ఆ పేరు మీద పెట్టాడు. ఒత్తాడు. అటూ ఇటూ గట్టిగా రుద్దాడు. వేలు పైకెత్తి వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. నల్లచుక్క కూడా అంటలేదు.

వ్యాను మళ్లీ హారను కొట్టింది. కుంచెమ్మ పేజీని కవర్లో పెట్టబోయి, ఆగి, ఆయన ముందుకు చాపింది.

"కావాలంటే ఇంకోసారి రుద్దండి" అంది.